‘ఏడుకు నాలుగు ఆన్’

పత్రికలో క్రీడా పేజీ చూసిన రోజుల్లో ఒక రాత్రి చేసిన తప్పు గుర్తుకొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గుర్రప్పందేల వార్త ఒకటి ఇంగ్లిష్‌లో వచ్చింది. పేజీ పంపడానికి ఇరవై నిమిషాలే ఉంది. గెలిచిన గుర్రం పేరు పక్కన ‘సెవెన్ టు ఫోర్ ఆన్’ అని ఉంది. చివరనున్న ‘ఆన్’ను నేను పట్టించుకోలేదు. ఏడుకు నాలుగు అంటే నాలుగు పెట్టినవాడికి ఏడు లాభమని అంతకుముందే ఎవరో చెప్పారు. అంత లాభం ఇస్తున్నారంటే ఎవరూ నమ్మని గుర్రమే అయి ఉంటుందని తేల్చుకుని, ‘అనూహ్య విజయం’ అని శీర్షిక పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. గొంతులో కోపం కూడా లేదు. “బాబూ, అందరూ గెలుస్తుందనుకున్న గుర్రమే గెలిచింది కదా, మీకు అందులో అనూహ్యం ఏం కనిపించింది?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ‘ఆన్’ అంకెలను తలకిందులు చేస్తుందట. ఏడుకు నాలుగు ఆన్ అంటే ఏడు పెడితే నాలుగే లాభం. నమ్మకం ఎక్కువున్న గుర్రం కాబట్టే లాభం తక్కువ. ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకం కొని మొదటి పేజీలో ఇలా రాసుకున్నాను: ‘7/4 అంటే 4 పెడితే 7 లాభం. 7/4 ఆన్ అంటే 7 పెడితే 4 లాభం, కొందరు దీన్నే 4/7 అని రాస్తారు. వార్తను చివరి మాట దాకా చదవాలి.’

ఆ పుస్తకం తర్వాతి సంవత్సరాల్లో మెల్లగా నిండింది. డబ్బు పెట్టి పందెం కాసింది మాత్రం ఒక్కసారీ లేదు. కొన్ని దేశాల్లో ఇది లైసెన్సు తీసుకుని చేసే వ్యాపారం, కొన్నిచోట్ల నేరం. ఎవరు ఉన్నచోటి చట్టం వారు చూసుకోవలసిందే. నాకు కావలసింది మాటల అర్థాలు. గతవారం మేనల్లుడు ఏదో విదేశీ మ్యాచ్ చూస్తూ ఫోన్ చేసి, “మామయ్యా, ఇటు జట్టుకు మైనస్ 110, అటు జట్టుకూ మైనస్ 110 అని వేశాడు. ఇద్దరికీ మైనస్ అయితే గెలిచేదెవరు?” అన్నాడు. అటక మీది పెట్టెలోంచి ఆ పుస్తకం తీయవలసి వచ్చింది. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ‘ఆడ్స్’. చాలాకాలం నేను దీన్ని ‘గెలుపు అవకాశాలు’ అని అనువదించాను. ఇప్పుడైతే ‘ధర’ అని రాస్తాను. పందెం అనే సరుకును అమ్మేవాడు ఒకడున్నాడు. బుక్‌మేకర్ అంటారు, వాడుకలో బుకీ. ఆ సరుకుకు అతను కట్టిన ధరే ఆడ్స్. ఆ ధరలో గెలుపు అవకాశాల అంచనా ఉంటుంది, నిజమే. దానితో పాటు అమ్మేవాడి లాభం ఉంటుంది. కొనేవాళ్ళు ఏ వైపు ఎగబడుతున్నారన్న లెక్కా ఉంటుంది. టీవీలో ఆ అంకె కనిపించగానే జోస్యం విన్నట్టు తల ఊపేవాళ్ళను చూస్తే, సంతలో చెప్పిన బేరాన్ని పంచాంగంలో రాసిన ముహూర్తమనుకున్నట్టు ఉంటుంది నాకు.

ఒకే ధరను మూడు విధాలుగా రాస్తారు. బ్రిటన్ గుర్రప్పందేల్లో భిన్నంగా 3/2 అని, యూరప్‌లో చాలాచోట్ల దశాంశంలో 2.50 అని, అమెరికాలో +150 అని. మూడింటి అర్థమూ ఒక్కటే. వంద పెడితే, గెలిచినప్పుడు నూటయాభై లాభం. తేడా ఎక్కడంటే, భిన్నం లాభాన్ని మాత్రమే చెబుతుంది. దశాంశం మాత్రం మీరు పెట్టిన సొమ్మును కూడా కలిపి, చేతికి వచ్చే మొత్తం చెబుతుంది. పెట్టే సొమ్మును ‘స్టేక్’ అంటారు. 1.50 చూసి వందకు నూటయాభై లాభమనుకునేవాళ్ళు చాలామంది. అందులో వంద మీదే, లాభం యాభయ్యే.

అమెరికా పద్ధతిలో ప్లస్ ఉంటే, వంద పెట్టినందుకు ఎంత లాభమో చూడాలి. మైనస్ ఉంటే, వంద లాభం రావాలంటే ఎంత పెట్టాలో చూడాలి. −200 అంటే 200 పెడితే 100 లాభం, దశాంశంలో 1.50. −110 అంటే 110 పెడితే 100 లాభం, దశాంశంలో దాదాపు 1.91. కాబట్టి ఆ మైనస్‌కు ఓటమితో ఏ సంబంధమూ లేదు. మేనల్లుడి ప్రశ్నలో సగం ఇక్కడ తీరింది. ఇద్దరికీ మైనస్ ఎందుకన్నదే అసలు సంగతి.

దశాంశ ధరతో ఒకటిని భాగించి నూరుతో గుణిస్తే, ఆ ధర వెనకున్న అవకాశం శాతంలో తెలుస్తుంది. 2.50కి 40 శాతం. 1.91కి 52.36 శాతం. ఇప్పుడు రెండు జట్లకూ 1.91 అయితే, రెండూ కలిపి 104.7 అవుతుంది. నాణెం ఎగరేస్తే బొమ్మ యాభై, బొరుసు యాభై, మొత్తం నూరు. ఏ ఆటలోనైనా జరగగలిగినవన్నీ కలిపితే నూరే కావాలి. మరి ఈ పైనున్న నాలుగూ చిల్లర ఎవరిది? బుకీది. బ్రిటన్‌లో దీన్ని ‘ఓవర్‌రౌండ్’ అంటారు, అమెరికాలో ‘విగ్’ లేదా ‘జ్యూస్’. విగ్ అన్నది ‘విగరిష్’కు పొట్టిరూపం. రష్యన్ భాషలో ‘గెలిచిన సొమ్ము’ అని అర్థమున్న మాట యూరప్ యూదుల భాష యిడ్డిష్ మీదుగా అమెరికాకు చేరి ఇలా మారిందంటారు. గెలిచిన సొమ్మనే మాట ఆడేవాళ్ళను వదిలేసి ఆడించేవాడి వాటాకు పేరైందంటే, ఆ పేరు పెట్టినవాడు లెక్క తెలిసినవాడే. నా పుస్తకంలో నేను దానికి ‘తరుగు’ అని రాసుకున్నాను. తూచకముందే తీసి పక్కన పెట్టేది కాబట్టి ఆ మాట చక్కగా అతికింది.

ఈ తరుగు ఎంత సన్నగా కోస్తుందో చూడాలని ఒక ఫుట్‌బాల్ సీజన్‌లో ఉత్తుత్తి పందేలు కాశాను. పుస్తకంలో గీతలు కొట్టి, ఒక్కోదానికి వంద పాయింట్ల లెక్కన, ధర దాదాపు 1.91 ఉన్నవే ఎంచుకుని, మ్యాచ్ మొదలవకముందే రాసిపెట్టేవాణ్ని. అరవై పందేలు అయ్యాయి. ముప్ఫైఒకటి సరిగ్గా చెప్పాను. సగానికి పైగా! ఇన్నాళ్ళు క్రీడా పేజీ చూసిన అనుభవం ఊరికే పోలేదని కాస్త మురిసిపోయాను కూడా. తర్వాత కూడిక వేశాను. 31 గెలుపులకు తొంభై ఒకటి చొప్పున 2,821 లాభం. 29 ఓటములకు 2,900 నష్టం. 79 పాయింట్లు పోయాయి. నిజంగా గెలవాలంటే ముప్ఫైరెండు సరిగ్గా చెప్పి ఉండాలి. ఆ ఒక్కదానితో 112 లాభంలో ఉండేవాణ్ని. ఈ ధర దగ్గర నూటికి సుమారు 52.4 సరైతే తప్ప పెట్టింది వెనక్కి రాదు. నేను 51.7 దగ్గర ఆగిపోయాను. ఆ పేజీ మూలన ‘సగం మీద ఒకటి చాలదు’ అని ఎర్ర సిరాతో ఇంకా ఉంది.

‘ఫేవరెట్’ అంటే గెలుపు గుర్రం. ఈ మాట ఏ వార్తలోకైనా ఒదిగిపోతుంది. ఎదుటి పక్షం ‘అండర్‌డాగ్’. దానికి మాత్రం సరైన తెలుగు మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ‘బలహీనమైన జట్టు’ అనలేం. జనం నమ్మకపోవడం వేరు, బలం లేకపోవడం వేరు. 1981 జులైలో హెడింగ్లీ టెస్టు ఇందుకు నాకు ఇష్టమైన ఉదాహరణ. ఆస్ట్రేలియా 9 వికెట్లకు 401 దగ్గర డిక్లేర్ చేసింది. ఇంగ్లండ్ 174కే కూలి ఫాలోఆన్‌లో పడింది. మైదానంలోని స్కోరుబోర్డు మీద ఇంగ్లండ్ గెలుపు ధర 500/1 అని వెలిగింది. ఆ ధర కట్టడంలో సలహాదారు ఇంగ్లండ్ మాజీ వికెట్ కీపర్ గాడ్‌ఫ్రీ ఎవన్స్. అంటే ఆట తెలియనివాడేం కాదు. అది చూసి ఆస్ట్రేలియా ఆటగాళ్ళే అయిన డెన్నిస్ లిల్లీ పది పౌండ్లు, రాడ్ మార్ష్ అయిదు పౌండ్లు ఇంగ్లండ్ మీద కాశారు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ ఆటగాడు బోథమ్ 149 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. ఆస్ట్రేలియా 130 కొడితే చాలనగా ఇంగ్లండ్ బౌలర్ బాబ్ విల్లిస్ 43 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 111కి ఆలౌట్. 18 పరుగుల తేడాతో ఓడిన జట్టులోని ఇద్దరికి కలిపి 7,500 పౌండ్లు ముట్టాయి. ఆ ఇద్దరి ఆటను ఎవరూ శంకించలేదు కానీ, ఇప్పుడైతే ఇది కుదరదు. అంతర్జాతీయ క్రికెట్ మండలి అవినీతి నిరోధక నియమాల ప్రకారం ఆటగాళ్ళు ఏ క్రికెట్ మ్యాచ్ మీదా పందెం కాయకూడదు.

ఫుట్‌బాల్‌లో 2015-16 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కు ముందు లెస్టర్ సిటీ టైటిల్ ధర 5000/1 పలికింది. మే నెలలో లెస్టరే గెలిచింది. ఆ జట్టు మీద పందెం కాసిన అభిమానుల్లో కొందరు చివరిదాకా ఆగలేక మధ్యలోనే ‘క్యాష్ అవుట్’ చేసుకున్నారు. పందెం తేలకముందే దాన్ని బుకీకి తిరిగి అమ్మేయడమే క్యాష్ అవుట్. వినడానికి బుద్ధిమంతుల పనిలాగే ఉంటుంది, ఒక్కోసారి అవుతుంది కూడా. కానీ కొన్నప్పుడూ ధర అతనిదే, అమ్మినప్పుడూ ధర అతనిదే. తరుగు రెండుసార్లు.

జట్ల మధ్య తేడా మరీ ఎక్కువైతే గెలుపోటముల మీద పందెం చప్పగా ఉంటుంది. అందుకు పుట్టింది ‘హ్యాండిక్యాప్’. అమెరికాలో ‘పాయింట్ స్ప్రెడ్’ అంటారు. దీన్ని 1940లలో షికాగోలో చార్లెస్ మెక్‌నీల్ అనే లెక్కల పంతులు ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. బలమైన జట్టుకు −6.5 అని రాస్తే, దాని స్కోరులోంచి ఆరున్నర తీసేసి చూడాలి. ఏడు తేడాతో గెలిస్తే పందెం గెలిచినట్టు, ఆరు తేడాతో గెలిస్తే జట్టు గెలిచినా పందెం పోయినట్టు. మైదానంలో అర పాయింటు ఎవరూ చేయరు కదా అని మేనల్లుడు అడిగాడు. అందుకే అర పెడతారు, సమానం కాకుండా. −6 అని పెట్టి తేడా సరిగ్గా ఆరే అయితే ఎవరి సొమ్ము వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తారు. దాన్ని ‘పుష్’ అంటారు. మ్యాచ్ రద్దయి పందెమే చెల్లకపోతే అది ‘వాయిడ్’. ‘ఓవర్, అండర్’ కూడా ఇదే దారి. ఫుట్‌బాల్‌లో 2.5కి ఓవర్ అంటే రెండు జట్లూ కలిసి మూడు లేదా అంతకన్నా ఎక్కువ గోల్స్ కొట్టాలి. ఎవరు గెలిచారన్నది దీనికి అక్కర్లేదు.

ఆసియన్ హ్యాండిక్యాప్‌లో పావులు కూడా ఉంటాయి. −0.75 చూసి నేను మొదట అచ్చుతప్పు అనుకున్నాను. అది ఒక పందెం కాదు, సొమ్ము సగం −0.5 మీదికి, సగం −1 మీదికి వెళుతుంది. జట్టు ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మొదటి సగం గెలుస్తుంది, రెండో సగం తిరిగి వస్తుంది. ఇది కాగితం మీద గీసుకుంటే గానీ నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ గీసుకునే చూస్తాను.

కొత్తవాళ్ళను ఎక్కువగా లాగేది ‘అక్యుములేటర్’. అమెరికన్లు ‘పార్లే’ అంటారు. నాలుగైదు పందేలను ఒక దండగా గుచ్చడం అన్నమాట. అన్నీ గెలిస్తేనే సొమ్ము, ఒక్కటి తెగినా దండంతా పోతుంది. ధరలను ఒకదానితో ఒకటి గుణిస్తారు కాబట్టి చివరి అంకె కళ్ళు జిగేల్‌మనిపిస్తుంది. వస్తే కొండ, పోతే వెంట్రుక అని పెట్టేస్తారు. కానీ గుణకారం తరుగును కూడా గుణిస్తుంది. సగం సగం అవకాశమున్న అయిదింటిని గుచ్చితే న్యాయంగా 32 రెట్లు రావాలి. ఒక్కోదాని ధర 1.91 అయితే వచ్చేది 25.42 రెట్లు. విడిగా కాసినప్పుడు నూటికి నాలుగున్నర పోయే తరుగు, దండ గుచ్చేసరికి ఇరవై దాటుతుంది. అది వెంట్రుకే, కాదనను. వారం వారం పీక్కుంటూ పోతే తల మీద ఎన్ని మిగులుతాయో అద్దంలో చూసుకోవాలి.

అయినా కొండలు అప్పుడప్పుడూ కదులుతాయి. 1996 సెప్టెంబర్ 28న ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ మైదానంలో జాకీ ఫ్రాంకీ డెట్టోరీ ఏడు పందేలకు ఏడూ గెలిచాడు. ఏడింటినీ దండ గుచ్చినవాళ్ళకు ధర 25,051/1. ఈ కథలో నేను పుస్తకంలో గుర్తుపెట్టుకున్నది ఆ పెద్ద అంకెను కాదు, చివరి గుర్రం ఫుజియామా క్రెస్ట్‌ను. పొద్దున దాని ధర 12/1. ఆరు గెలుపుల తర్వాత, పందెం మొదలయ్యే వేళకు 2/1. ఆ మొదలయ్యే వేళ ధరనే ‘స్టార్టింగ్ ప్రైస్’ అంటారు. పొద్దుటికీ సాయంత్రానికీ గుర్రం కాళ్ళలో బలం పెరగలేదు. జనం డెట్టోరీ మీద పడ్డారు, బుకీలు భయపడ్డారు, ధర కుంచించుకుపోయింది. ఆడ్స్‌ను ధర అనే అనాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ధరను బుకీ కట్టకుండా జనమే కట్టే పద్ధతి కూడా ఉంది. ‘పారిమ్యూచువల్’ లేదా ‘టోట్’ అంటారు. పెట్టిన సొమ్మంతా ఒక కుండలో వేసి, నిర్వాహకుల వాటా తీసి, మిగిలింది గెలిచినవాళ్ళకు పంచుతారు. పారిస్‌లో జోసెఫ్ ఓలర్ 1860లలో మొదలుపెట్టాడు. ఆ లెక్కలు వేసే పెద్ద యంత్రాన్ని జార్జ్ జూలియస్ అనే ఇంజనీరు న్యూజిలాండ్‌లో ఆక్లండ్ దగ్గరి ఎలర్స్‌లీ మైదానంలో 1913లో నిలబెట్టాడు. అంతకుముందు అతను తయారుచేయబోయింది ఓట్లు లెక్కపెట్టే యంత్రమట. ప్రభుత్వం వద్దంది, గుర్రాలు కావాలన్నాయి.

మరో రకం ‘ఎక్స్‌ఛేంజ్’. అక్కడ ఆడేవాళ్ళే ఒకరితో ఒకరు కాస్తారు. గెలుస్తుందని కాయడం ‘బ్యాక్’, గెలవదని కాయడం ‘లే’. లే చేసేవాడు ఆ ఒక్క పందేనికి తానే బుకీ. 5.00 ధర దగ్గర వందకు లే చేస్తే, జట్టు ఓడితే వంద లాభం, గెలిస్తే నాలుగు వందలు జేబులోంచి తీయాలి. ఆ నాలుగు వందలను ‘లయబిలిటీ’ అంటారు. కొత్తగా చూసేవాడి కంటికి వంద పెద్దగా, నాలుగు వందలు చిన్నగా కనిపిస్తాయి.

‘ఫ్రీ బెట్’ గురించి ఒక్క మాట. 2.00 ధర మీద వంద పెట్టి గెలిస్తే మామూలుగా రెండు వందలు రావాలి. ఫ్రీ బెట్ అయితే సాధారణంగా వందే వస్తుంది, ఇచ్చిన వందను వెనక్కి తీసుకుంటారు. బోనస్‌గా ఇస్తే, ఇన్ని రెట్లు పందెం కాస్తే తప్ప డబ్బు బయటికి తీయనివ్వం అన్న షరతు చాలావరకు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఉచితమన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

నాకు అసలు గిట్టని మాట ‘బ్యాంకర్’. తప్పక గెలిచేదన్నమాట. అమెరికన్లు ‘లాక్’ అంటారు. తాళం వేసి భద్రంగా పెట్టినంత ఖాయమట. అంత ఖాయమైతే అమ్మేవాడు ఎందుకు అమ్ముతాడని ఎవరూ అడగరు. దాని తోబుట్టువు ‘చేజింగ్’, పోయిన సొమ్మును వెంటాడటం. ఓడినప్పుడల్లా రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకప్పుడు గెలిచి తీరుతాం కదా అనేవాళ్ళకు నేను ఒక కూడిక చూపిస్తాను. 2.00 ధర దగ్గర ఒకటితో మొదలుపెట్టి వరసగా పదిసార్లు ఓడితే పోయింది 1,023. పదకొండోసారి పెట్టవలసింది 1,024. అది గెలిస్తే మొత్తం మీద మిగిలేది ఒకటి.

ఇదంతా విన్న రెండు రోజులకు మేనల్లుడి నుంచి మూడు అంకెలు వచ్చాయి, ఇంకే మాటా లేకుండా: 1.80, 3.40, 4.20. ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు గెలుపు, డ్రా, ఓటమి ధరలు. కింద వాడే కూడి రాశాడు: 108.78. “చాలా ఎక్కువ తీస్తున్నాడు కదా మామయ్యా?” అని తర్వాత ఒక వాక్యం. అవునన్నాను. అయిదు నిమిషాలకు మళ్ళీ ఫోన్. “మరి ఈచ్ వే అంటే?”

గుర్రప్పందెం మాట. పుస్తకంలో దానికి రెండు పేజీలున్నాయి, సగం కొట్టివేతలే. రేపు చెబుతానన్నాను.